దుబాసీ కోసం అర్జీ

2006 ఎండాకాలంలో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి నేర్చుకునే పిల్లలు రావడం దాదాపు ఆగిపోయింది. ఏలూరు ఆర్.ఆర్.పేటలో మా వీధిలోనే రెండు కంప్యూటర్ సెంటర్లు వెలిశాయి. పదకొండు మిషన్లలో తొమ్మిదింటికి గుడ్డలు కప్పేసి, మిగిలిన రెండింటి మీద అర్జీలు కొట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఆ ఏడాది అర్జీలకి మాత్రం లోటు లేదు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టించేస్తున్నారు. లంకల్లోంచి జనం పొద్దున్నే బస్సెక్కి వచ్చి నా ఎదుట బెంచీ మీద వరసగా కూర్చునేవారు. కలెక్టరు గారికొకటి, మంత్రి గారికొకటి. "గట్టిగా రాయండమ్మా" అనేవారు. గట్టిగానే రాసేదాన్ని. నా అర్జీ చూసి ఏ పొక్లెయినూ ఆగినట్టు నాకు తెలియదు.

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం, బెంచీ ఖాళీ అయ్యేదాకా బయట ఎండలో నిలబడి, అందరికంటే ఆఖరున లోపలికి వచ్చాడొకతను. నలభైకి ఒకటి రెండేళ్ళు తక్కువుంటాయి. నున్నగా గీసిన గడ్డం, నిటారుగా నిలబడే తీరు.

"రత్నకుమారి గారంటే మీరేనాండీ? నా పేరు ఇక్బాల్ అండి. తంగెళ్లమూడి మహబూబ్ బీ గారబ్బాయిని."

తివాచీలు నేసే మహబూబ్ బీని నేనెరుగుదును. కొడుకు మిలిటరీలో ఉన్నాడని ఆవిడ చెబుతూ ఉండేది.

"రిటైరై వచ్చి నెలయిందండి. ఇంగ్లీషులో ఉత్తరం ఒకటి రాసిపెట్టాలండి."

"ఎవరికండీ?"

"ఐక్యరాజ్యసమితికండి. న్యూయార్కు."

నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాను. "దేని గురించి?" అన్నాను.

"ఒక మనిషి గురించండి. ఆయన్ని పట్టుకుపోతుంటే నేను చూశాను."

కాగితం మిషన్‌లో పెట్టకుండానే ఆ పూటంతా విన్నాను.

ఇక్బాల్ పదిహేడేళ్ళు మిలిటరీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేశాడు. చివరి ఏడాది అతని పటాలాన్ని ఆఫ్రికాకి పంపారు. అక్కడ రెండు దేశాలు సరిహద్దు కోసం కొట్టుకుని, వేలాది మందిని పోగొట్టుకుని, ఆఖరికి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మళ్ళీ కలబడకుండా మధ్యలో పాతిక కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీ ఖాళీ చేయించి, అందులో ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని కూర్చోబెట్టారు. మనవాళ్ళు, ఇంకా నాలుగైదు దేశాలవాళ్ళు. అందరికీ నీలం టోపీలు, తెల్లరంగు బండ్లు. ఆ రెండు దేశాలనీ మన జవాన్లు ఉత్తరం వాళ్ళు, దక్షిణం వాళ్ళు అని పిలుచుకునేవారట.

"మీరక్కడ ఏం చేసేవారండీ?" అని అడిగాను.

"చూసేవాళ్ళమండి."

"చూసి?"

"రాసేవాళ్ళం. ఎవరి బండ్లు ఎటు కదిలాయి, ఎంతమంది, ఎన్నింటికి... రాసి పైకి పంపేవాళ్ళం. తుపాకులున్నాయండి. మన మీద కాలిస్తేనే కాల్చాలి."

ఇక్బాల్ ఉండే పోస్టు ఒక గుట్ట మీద ఉంది. కింద ఎండిన వాగు. వాగుకి ఇవతల ఖాళీ పట్టీ, అవతల ఉత్తరం వాళ్ళ నేల. హద్దు తెలియడానికి వాగు పొడుగునా రాళ్ళకి తెల్లసున్నం కొట్టి పెట్టారు. గుట్ట కింద డేరా వేసి, వారానికి రెండు రోజులు చుట్టుపక్కల పల్లెవాళ్ళకి మందులిచ్చేవారు. ఎవరికి ఏ నొప్పో ఇక్బాల్‌కి ఇంగ్లీషులో చెప్పడానికి ఒక దుబాసీని పెట్టారు. అతని పేరు తెస్ఫాయ్.

"యుద్ధానికి ముందు బళ్ళో మేష్టారండి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నా దగ్గర తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. 'బాగున్నారా అండీ' అనేవాడు. అదేం పట్టుకున్నాడో గాని వాళ్ళ భాషక్కూడా 'అండీ' తగిలించేవాడండి. మందులకొచ్చిన ముసలాళ్ళు తెల్లబోయి చూసేవారు." చెబుతూ ఇక్బాల్ నవ్వాడు. అతను నవ్వడం ఆ రోజు అదొక్కసారే.

2005 చివరికొచ్చేసరికి ఉత్తరం వాళ్ళకి ఐక్యరాజ్యసమితి మీద మొహం మొత్తింది. హద్దు ఎక్కడో తేల్చి చెప్పిన తీర్పుని దక్షిణం వాళ్ళు అమలు చేయడం లేదు, మీరు చేయించడం లేదు, మరి ఇక్కడ ఎందుకున్నారన్నది వాళ్ళ కోపం. ముందు హెలికాప్టర్లు ఎగరకూడదన్నారు. తర్వాత చీకటి పడ్డాక బండ్లు తిరగకూడదన్నారు. ఆ తర్వాత వాగు దగ్గర తమ మిలీషియా దళాన్ని కాపలా పెట్టి, ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ దాటకూడదన్నారు.

వాగు అవతల ఒక ముసలమ్మ ఉండేది. ముల్లు గుచ్చుకుని కుడిచెయ్యి చీము పట్టింది. ఇక్బాల్ మూడుసార్లు కోసి కట్టు కట్టాడు. నాలుగోసారికి రావాల్సింది, కాపలా పెట్టాక రాలేకపోయింది. వారం గడిచింది.

"ఇంకో నాలుగు రోజులైతే చెయ్యి తీసేయాలండి. నాకు తెలుసు. గురువారం పొద్దున్న కట్టుగుడ్డలూ మాత్రలూ సంచీలో పెట్టి తెస్ఫాయ్‌కి ఇచ్చాను. 'నువ్వు ఇక్కడివాడివే కదా, నిన్నెవరు ఆపుతారు, ఇచ్చేసి రా' అన్నాను. 'రేపు వెళ్తాను, ఇవాళ కాపలావాళ్ళ పెద్ద వచ్చి ఉన్నాడు' అన్నాడండి. నేనే వినలేదు. ఇవాళే వెళ్ళమన్నాను."

తెస్ఫాయ్ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కూడా "వస్తానండీ" అన్నాడట.

గుట్ట మీంచి ఇక్బాల్ బైనాక్యులర్స్‌తో చూస్తూనే ఉన్నాడు. వాగులో తెల్లరాళ్ళు దాటగానే నలుగురు లేచి వచ్చారు. సంచీ లాక్కుని నేల మీద బోర్లించారు. కట్టుగుడ్డల పొట్లాల మీద ఐక్యరాజ్యసమితి ముద్ర ఉంది. తెస్ఫాయ్ చేతులు కదుపుతూ ఏదో చెబుతున్నాడు. ముసలమ్మ ఇంటివైపు చూపించాడు. వాళ్ళు అతని బూట్లు విప్పించి, ఇసుకలో కూర్చోబెట్టారు. అరగంటకి ఒక జీపు వచ్చింది.

"ఆరువందల మీటర్లండి. ఇక్కణ్ణించి మన పవర్‌పేట స్టేషనంత దూరం కూడా ఉండదు. నేను పరుగెత్తి మా పోస్టు మేజరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా చూస్తున్నారు. 'సార్, మనవాడు సార్' అన్నాను. ఆయన నా మీద అరవలేదండి. మెల్లిగానే చెప్పారు. 'వాగు దాటితే ఆ వంకతో రేపు యుద్ధం మొదలెడతారు. టైము రాయి, ఎంతమందో రాయి, బండి ఎటు వెళ్ళిందో రాయి' అన్నారు. రాశానండి. పదకొండూ నలభై. నలుగురు, తర్వాత ఆరుగురు. ఆకుపచ్చ జీపు, ఉత్తరం వైపు. నా చేత్తోనే రాశాను."

ఆ రిపోర్టు పైకి వెళ్ళింది. పైనుంచి ఇంకా పైకి వెళ్ళింది. ఉత్తరం వాళ్ళు ఆ పేరుగల మనిషి ఎవరూ మా దగ్గర లేడన్నారు.

మూడో రోజు పొద్దున్న తెస్ఫాయ్ భార్య పోస్టు గేటు దగ్గరికి వచ్చింది. ఆమె పేరు లెతె. చేతి మీద మగవాళ్ళ నల్లకోటు ఒకటి వేసుకొచ్చింది. ఏదో అడిగింది. జవాన్లకి అర్థం కాలేదు. ఇక్బాల్‌ని పిలిచారు. అతనికీ అర్థం కాలేదు. ఆ పోస్టులో ఆమె మాట తెలిసినవాడు ఒక్క తెస్ఫాయే.

"నేను హిందీలో చెప్పాను. ఇంగ్లీషు ముక్కలు చెప్పాను. ఆఖరికి తెలుగులో కూడా చెప్పానండి, నా మతి పోయి. 'ఆయన్ని తీసుకెళ్ళారమ్మా, మేం రాశాం' అని. ఆవిడ నా నోటివంకే చూస్తూ ఉంది. తర్వాత కోటు నా చేతిలో పెట్టబోయి, భుజాలు ఇలా ముడుచుకుని వణికి చూపించింది. ఆయనకి చలి, ఇది ఇవ్వండి అని. అక్కడ చలి ఎక్కువండి. నేను తీసుకోలేదు. తీసుకుంటే ఆయన మా దగ్గరే ఉన్నాడనుకుంటుంది."

ఆమె మర్నాడూ వచ్చింది. రోజూ వచ్చింది. కొత్త దుబాసీగా రావడానికి ఏ పల్లెలోనూ ఎవరూ ఒప్పుకోలేదు. అయిదు నెలలపాటు ప్రతి పొద్దున్నా గేటుకి అటు ఆమె, ఇటు ఇతను. ఏప్రిల్‌లో ఇక్బాల్ పటాలం తిరిగి వచ్చేసింది. కదిలే రోజున తంగెళ్లమూడి ఇంటి ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చి వచ్చాడు.

"అంతేనండి," అన్నాడు ఇక్బాల్. "ఇదంతా రాయాలి. నేనే పంపానని కూడా రాయాలి."

అర్జీలు రాసి రాసి ఏ మాట ఎక్కడ ఎదురు తిరుగుతుందో నాకు కొంత తెలుసు.

"ఇక్బాల్ గారూ, మీరే పంపారని రాస్తే ఆయన ఐక్యరాజ్యసమితి పని మీద హద్దు దాటాడని అవుతుంది. వాళ్ళకి కావలసిందదే కదండీ. గూఢచారి అంటారు."

అతను నా వంక చూశాడు. ఆ సంగతి అతనికి తట్టలేదని కాదు, ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

"రాయకపోతే అబద్ధం కదండీ," అన్నాడు.

"అబద్ధం రాయడం లేదండి. జబ్బుపడిన ముసలావిడని చూడ్డానికి వెళ్ళాడని రాద్దాం. అది నిజమే కదా."

ఆఖరికి "మీ ఇష్టమండి" అన్నాడు. అలాగే కొట్టాను. అతను సంతకం పెట్టాడు. నేను చేసింది మంచిపనో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు.

సెప్టెంబరులో జవాబు వచ్చింది. మంచి కాగితం, మంచి ఇంగ్లీషు. మీ లేఖ అందినది, విషయం సంబంధిత విభాగం దృష్టికి తీసుకుపోవడమైనది. కొల్లేరువాళ్ళకి కలెక్టరాఫీసు నుంచి వచ్చే జవాబుల్ని తెలుగులో చదివీ చదివీ ఉన్నాను కాబట్టి నాకది కొత్తగా అనిపించలేదు. ఇక్బాల్ మాత్రం ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టించుకున్నాడు.

తర్వాత జెనీవాలో ఖైదీల ఆచూకీ తీసే సంస్థకి రాశాం. వాళ్ళు మర్యాదగా ఒక ఫారం పంపారు. తప్పిపోయిన మనిషికి మీరేమవుతారు అని ఒక గడి. భార్య, భర్త, తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు. వీటిలో ఏదో ఒకటి గుర్తు పెట్టాలి. ఇంటివాళ్ళ సంతకం లేనిదే వెతకడం మొదలుపెట్టరు.

"ఏం పెట్టమంటారండీ?" అని అడిగాను.

"తమ్ముడని పెట్టొచ్చాండీ?" అన్నాడు. వెంటనే తనే "వద్దులెండి" అన్నాడు.

లెతె సంతకం కావాలి. తన తర్వాత ఆ పోస్టుకి వెళ్ళిన కేరళ నర్సింగ్ అసిస్టెంటు నంబరు ఇక్బాల్ ఎలాగో సంపాదించి మాట్లాడాడు. అవును, ఆవిడ కొన్నాళ్ళు గేటు దగ్గరికి వచ్చేది, వానాకాలం తర్వాత రావడం లేదు, ఆ పల్లె పల్లెనే ఎటో తరలించేశారు అన్నాడతను. మా గేటు దాటి మేమే వెళ్ళలేకపోతున్నాం అన్నా, అని కూడా అన్నాడట.

ఈలోగా ఇక్బాల్‌కి ఆకివీడులో ఒక డాక్టరు గారి దగ్గర ఉద్యోగం దొరికింది. చేపల చెరువుల కూలీలకి కట్లు కట్టడం, సెలైన్లు పెట్టడం. రోజూ ఏలూరు నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాడు. శనివారం వచ్చి నా దగ్గర పది నిమిషాలు కూర్చునేవాడు. ఇద్దరం ఎవరెవరికి రాయాలో ఆలోచించేవాళ్ళం. మన విదేశాంగ శాఖకి రాశాం. ఢిల్లీలో ఉన్న ఉత్తరం వాళ్ళ ఎంబసీకి రాశాం. ఒకదానికి జవాబు లేదు, ఒకటి కవరు విప్పకుండానే తిరిగొచ్చింది.

ఒకరోజు అతని భార్య షాయిస్తా వచ్చింది. పదేళ్ళ కూతురు షిఫాని వెంటబెట్టుకొచ్చింది. పిల్లని మిషన్ ముందు కూర్చోబెట్టి, నా దగ్గరికి జరిగి మెల్లిగా మాట్లాడింది.

"అక్కా, ఆయన కోప్పడరు, తాగరు, ఏమీ లేదు. ఇంట్లో ఫోన్ మోగితే చాలు, అన్నం ముందునుంచి లేచిపోతారు. తీస్తే మా ఆడపడుచో, గ్యాసు వాళ్ళో. మళ్ళీ వచ్చి కూర్చుంటారు గాని తినరు. ఇన్నాళ్ళూ మిలిటరీలో ఉంటే ఎప్పుడొస్తారా అని చూశాను. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, ఇప్పుడూ అలాగే చూస్తున్నాను."

"లెతె గురించి నీకు చెప్పాడా అమ్మా?"

"అన్నీ చెప్పారక్కా. మొదట్లో ఆవిడ మీద కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. నేనైతే అన్ని రోజులు ఆ గేటు దగ్గరికి వెళ్ళగలిగేదాన్నా అనిపిస్తుంది." కొంగు సవరించుకుని, "ఇంకా ఎవరికైనా రాయొచ్చాక్కా?" అని తనే అడిగింది.

2008లో ఉత్తరం వాళ్ళు ఐక్యరాజ్యసమితి బండ్లకి డీజిలు ఆపేశారు. నిలబడిపోయిన బండ్లతో ఏం చూస్తారు, ఏం రాస్తారు? ఆ ఏడాది మధ్యలో ఆ సైన్యాన్ని పూర్తిగా ఎత్తేశారు. పేపర్లో నాలుగు లైన్ల వార్త వేశారు. నేను కత్తిరించి ఉంచాను. ఇక్బాల్ అప్పటికే చదివేశాడు.

"మన రిపోర్టులన్నీ ఏం చేస్తారండీ?" అని అడిగాడు.

"ఎక్కడో దాస్తారండి."

"దాస్తే నయమే," అన్నాడు.

ఆ తర్వాత శనివారాలు రావడం తగ్గింది. నేనూ ఇన్‌స్టిట్యూట్ మూసేసి, అదే గదిలో ఒక కంప్యూటర్ కొనుక్కుని పెట్టుకున్నాను.

2009 ఫిబ్రవరిలో ఒక రోజు, పగలు రెండున్నర వేళ, తంగెళ్లమూడి ఇంట్లో ఫోన్ మోగింది. మహబూబ్ బీ తీసింది. ఆడగొంతు, తెలియని భాష, మధ్యలో కొడుకు పేరు. ఆవిడ తెలివైన మనిషి. పక్కనున్న షాయిస్తాని పిలిచింది. షాయిస్తా ఇక్బాల్ సెల్ నంబరు ఒక్కొక్క అంకే ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పింది.

అయిదు నిమిషాలకి ఆకివీడులో ఇక్బాల్ సెల్ మోగింది. డాక్టరు గారి ఆసుపత్రి మెయిన్ రోడ్డు మీదే ఉంది. చేపల లోడుకి లారీలు బారులు తీరే సమయం. అతను ఫోన్ చెవికి ఆనించుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు, లోపల సిగ్నల్ సరిగ్గా రాదని.

లెతె గొంతే. అతను పోల్చుకున్నాడు. ఆమె గబగబా చాలాసేపు మాట్లాడింది. అతను "లెతె, లెతె, తెస్ఫాయ్?" అని మాత్రం అంటున్నాడు. ఆమె ఆగింది. పసిపిల్లలకి చెప్పినట్టు, మెల్లిగా, విడదీసి ఒక చిన్న మాట చెప్పింది. తెస్ఫాయ్ పేరు, దాని తర్వాత ఒక్క ముక్క. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఐసు లారీవాడు హారన్ కొట్టాడు. హారన్ ఆగేసరికి ఫోన్ కట్టయిపోయింది.

చేతిలో ఉన్న మందుల చీటీ వెనక, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకున్నాడు. "తెస్ఫాయ్ మెత్సియు." ఆ నంబరుకి సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు. కలవలేదు. అది ఆ రెండూ కాక మూడో దేశం కోడ్.

మర్నాడు చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఈ భాష తెలిసినవాళ్ళు మన దేశంలో ఎక్కడైనా ఉంటారాండీ?" అన్నాడు. విశాఖపట్నం యూనివర్సిటీలో ఆఫ్రికా విద్యార్థులు చదువుతారని నాకు తెలుసు. మా అక్క ఇల్లు అక్కడే, యూనివర్సిటీ దగ్గర. ఆ ఆదివారం ఇద్దరం రైలెక్కాం.

హాస్టల్ దగ్గర అడగ్గా అడగ్గా ఒకతను దొరికాడు. దక్షిణం దేశంవాడు, ఎకనామిక్స్ పరిశోధన చేస్తున్నాడు. సరిహద్దుకి అటూ ఇటూ ఒకటే భాష అని అతను చెబితేనే తెలిసింది. ఇక్బాల్ చెప్పిందంతా విన్నాడు. తన అన్న ఆ యుద్ధంలోనే పోయాడని ఒక్క ముక్కలో చెప్పి, చీటీలోది చదవమన్నాడు. ఇక్బాల్ చదివాడు. మళ్ళీ చదవమన్నాడు.

"మెత్సియు అంటే వచ్చాడు అని," అన్నాడతను ఇంగ్లీషులో.

ఇక్బాల్ నా చెయ్యి పట్టుకున్నాడు. అతను నన్ను తాకడం అదే మొదలు.

"కానీ వెనకాల 'దో' అని చిన్న మాట ఉందా?" అని ఆ కుర్రవాడు అడిగాడు. "అది ఉంటే వచ్చాడా అని అడగడం. లేకపోతే వచ్చాడని చెప్పడం. గుర్తు తెచ్చుకోండి."

ఇక్బాల్ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ ఫోన్ మాటని లోపల మళ్ళీ మళ్ళీ వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

"హారన్ అండి," అన్నాడు చివరికి. "ఆ ముక్క తర్వాత అంతా హారనేనండి."

ఆ కుర్రవాడు తన సెల్ నుంచి కూడా ఆ నంబరుకి చేసి చూశాడు. శరణార్థుల శిబిరాల దగ్గర కొట్లో అద్దెకిచ్చే ఫోన్ అయి ఉంటుంది, ఈసరికి ఆమె అక్కడ ఉండకపోవచ్చు అన్నాడు. మళ్ళీ ఫోన్ వస్తే, ఏ వేళైనా సరే, తనకి కలపమని నంబరు రాసిచ్చాడు. గేటుదాకా వచ్చి సాగనంపాడు.

మర్నాడు మధ్యాహ్నం రైల్లో తిరిగి బయల్దేరాం. రాజమండ్రి దాకా ఇక్బాల్ ఆ చీటీ మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ కూర్చున్నాడు. గోదావరి దాటాక వరిచేలు మొదలయ్యాయి. తాడేపల్లిగూడెంలో బండి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు.

"మీరేమంటారు మేడమ్? అడిగిందంటారా, చెప్పిందంటారా?"

నేను అర్జీలు రాసే మనిషిని. ఎదుటివాళ్ళకి కావలసిన మాట నా దగ్గర ఎప్పుడూ ఉండేది.

"చెప్పిందేనండి," అన్నాను. "అంత మెల్లిగా, విడదీసి చెప్పిందంటే వచ్చాడనేనండి. వచ్చాడు కాబట్టే ఫోన్ చేసింది."

ఇక్బాల్ తల ఊపాడు. కిటికీలోంచి ప్లాట్‌ఫారం వంక చూస్తూ అన్నాడు.

"ఆయన వస్తే ఆయనే మాట్లాడేవాడు కదండీ. ఆయనకి ఇంగ్లీషు వచ్చు."

బండి కూత వేసింది. నిడమర్రు వైపు వెళ్ళే ఆడవాళ్ళెవరో తమ స్టేషను ఇదేనని ఆలస్యంగా చూసుకుని, కంగారుగా దిగబోతుంటే ఇక్బాల్ లేచి వెళ్ళి వాళ్ళ బుట్టలు అందించి వచ్చాడు. వచ్చి నా ఎదుట కూర్చుని, సెల్ తీసి, ఛార్జింగ్ ఎంతుందో చూసుకున్నాడు.